చేపలను పొదిగిన కోడి

అనగనగా ఒక కొండ మీద, అడవి అంచున ఒక తోట ఉండేది. ఆ తోటలో ఒక బాదం చెట్టు, చెట్టు పక్కన ఒక చేపల గుంట. గుంట పెద్దదేమీ కాదు. రెండు చాపలు పక్కపక్కన పరిస్తే ఎంత మేర వస్తుందో అంతే. కొండ ఊట నుంచి ఒక సన్నని కాలువ వచ్చి అందులోకి జారేది.

గుంటలో రాగమ్మ అనే ముసలి రాగండి చేప, ఆమె చుట్టూ ఒక గుంపు పరిగె చేపలు కాపురం ఉండేవి. ఒడ్డున కూర్మయ్య అనే తాబేలు ఉండేవాడు. గుంట బాగోగులు చూసేది ఆయనే.

ఆ కొండ మీద చలి మన ఊరి చలి లాంటిది కాదు. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. అందుకే కార్తీకం వస్తుందనగానే కూర్మయ్య పనిలోకి దిగేవాడు. ఎండిపోయిన తామర కాడలు కొరికి ఒడ్డుకు లాగేవాడు. అడుగున పేరుకున్న బురదను నెట్టి నెట్టి, ఒక మూల లోతుగా చేసేవాడు. చలి ముదిరాక చేపలన్నీ ఆ లోతులోకి చేరి, కదలకుండా మెదలకుండా ఉండేవి. పని అయ్యాక కూర్మయ్య కూడా బాదం చెట్టు మొదట్లో గొయ్యి తవ్వుకుని నిద్రపోయేవాడు. ఇక శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాకే లేవడం.

ఆ ఏడు ఒక చిక్కు వచ్చింది. బాదం చెట్టు బాగా ఎదిగింది. దాని ఆకులు ఎర్రబారి, ఒక్కొక్కటీ విస్తరాకంత, టపటపా గుంటలో రాలుతున్నాయి. కూర్మయ్య నిద్రపోయాక వాటిని ఏరేదెవరు?

"నేను ఏరతాను తాతా!" అంది చుక్కమ్మ.

చుక్కమ్మ అంటే తోటలోని చుక్కల కోడి. పాపం, ఆ వానాకాలంలో అది ఇరవై ఒక్క రోజులు గుడ్ల మీద కూర్చుంది. మేత మానేసింది, ఒళ్ళు చిక్కిపోయింది. కానీ ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. అన్నీ మురిగిపోయాయి. అప్పటినుంచి దానికి ఏ పనీ తోచేది కాదు. రోజూ గుంట ఒడ్డుకు వచ్చి కూర్చునేది. "క్లక్ క్లక్" అంటే చాలు, పరిగెలన్నీ ఒడ్డుకు వచ్చేవి. నాలుగు చెదపురుగులు విదిలిస్తే గబగబా తినేవి. వాటిని చూసుకునే అది దిగులు మరిచిపోయింది. పిల్లలంటే దానికి ఇక ఆ పరిగెలే.

కూర్మయ్యకు ఆ సంగతి తెలుసు. అందుకే మెడ బయటికి చాచి నెమ్మదిగా చెప్పాడు.

"చుక్కమ్మా, మూడు మాటలు గుర్తుంచుకో. చలిలో చేపలకు తిండి పెట్టకు. కాలువ మూయకు. నీటి మీద ఏదీ నిలవనీయకు. రాలిన ఆకు రాలినట్టే ఏరెయ్. అంతే. ఇంకేం చేయక్కర్లేదు."

"అంతేనా?" అంది చుక్కమ్మ.

"అంతే," అని తాత గొయ్యిలోకి దిగి మట్టి కప్పుకున్నాడు.

నాలుగు రోజులు చుక్కమ్మ బుద్ధిగా ఆకులు ఏరింది. అయిదో రోజు చలిగాలి మొదలైంది. చుక్కమ్మ ఈకలన్నీ ఉబ్బించుకుని ముడుచుకుంది. ఒంటి నిండా ఈకలున్న నాకే ఇలా ఉంటే, పాపం ఒంటి మీద నూలుపోగైనా లేని ఆ పిల్లలకు ఎలా ఉందో అనుకుంది. గుంటలోకి తొంగి చూసింది. పరిగెలు అడుగున బద్ధకంగా కదులుతున్నాయి.

"ఓలమ్మో! పిల్లలు నీరసించిపోయాయి!" అంటూ పక్క చేను కళ్ళంలోకి పరుగెత్తింది. గొంతు దాకా చోళ్ళు, అదే రాగులు, ఏరుకుని వచ్చి గుంటలో కక్కింది.

రాగమ్మ మెల్లగా పైకి వచ్చింది. "వదినా, ఇప్పుడు మాకు ఆకలి ఉండదు. చలికి తిన్నది అరగదు."

"పిల్లలు ఆకలి లేదనే అంటాయి వదినా. తినిపించాల్సింది మనం! అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టే రకం."

ఆ మాటకు రాగమ్మ మెత్తబడింది. గుడ్లు పోయిన తల్లి, ఇంత ప్రేమగా పెడుతుంటే కాదంటే నొచ్చుకుంటుందేమో అనుకుంది. మొహమాటానికి రెండు గింజలు మింగింది. పరిగెలు కూడా తలో గింజ మింగాయి. చుట్టాలింటికి వెళ్తే మనం చేసేది ఇదే కదా! కడుపు నిండినా "ఇంకొక్క గరిటె" అంటే విస్తరి పడతాం. చుక్కమ్మ మురిసిపోయింది. రోజూ రెండు పూటలా గింజలు తెచ్చి పోసింది. తినని గింజలు అడుగుకు పోయి నానుతున్నాయి. ఆ సంగతి పైనుంచి కనపడదు.

మూడు రోజులకు చలి ఇంకా పెరిగింది. చుక్కమ్మ కాలువలో కాలు పెట్టి చూసింది. జివ్వుమంది!

"ఇంత చల్లటి నీళ్ళు నా పిల్లల నెత్తిన పడుతున్నాయా!" అని కాళ్ళతో మట్టి గీరి గీరి కాలువ నోరు మూసేసింది. గలగల ఆగిపోయింది.

తాత మాట గుర్తు రాలేదా అంటారేమో. వచ్చింది. కానీ చుక్కమ్మ తనకు తానే సర్దిచెప్పుకుంది. "కూర్మయ్య తాత మంచివాడే. అయితే చిప్పలో ఉండేవాడికి చలి గురించి ఏం తెలుసు? ఆయన ఏనాడైనా పిల్లల్ని పెంచాడా? గుడ్లు ఇసుకలో పెట్టి తన దారిన తాను పోయే జాతి!"

చూశారా, మనకు నచ్చని మాట చెప్పినవాళ్ళలో తప్పులు వెతకడం ఎంత తేలికో.

మర్నాడు గడ్డి మీద మంచు కనిపించింది. చుక్కమ్మ కాలు కాలిన పిల్లిలా గుంట చుట్టూ తిరిగింది. చివరికి దానికి తెలిసిన ఒకే ఒక్క మందు గుర్తొచ్చింది. పిల్లలకు చలేస్తే తల్లి కోడి ఏం చేస్తుంది? రెక్కలు కప్పుతుంది. రెక్కలు చాలకపోతే? ఏదో ఒకటి కప్పుతుంది!

ఆ రోజంతా అది ఎండిన అరటాకులు ముక్కుతో ఈడ్చుకొచ్చింది. వెదురు పుల్లలు అడ్డంగా వేసి, వాటి మీద ఆకులు పరిచింది. రాలిన బాదం ఆకులను ఏరడం మాని, వాటినీ పైన పేర్చింది. పొద్దుగూకే వేళకు గుంట కనపడకుండా పోయింది.

"వదినా, చీకటిగా ఉందేం?" ఆకుల కింద నుంచి రాగమ్మ గొంతు వినిపించింది.

"వెచ్చగా ఉంటుంది వదినా. పడుకోండి," అంది చుక్కమ్మ. ఆ కప్పు అంచున రెక్కలు చాచుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో దాని గుండె నిండింది. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

అలా రెండు రోజులు గడిచాయి.

మూడో రోజు తెల్లవారుతుండగా దానికి మెలకువ వచ్చింది. ఆకుల కింద నుంచి ఏదో సన్నటి చప్పుడు. టపక్. టపక్. దాంతోపాటు ఒక వాసన. కుళ్ళు వాసన. చుక్కమ్మకు తెలిసిన వాసనే. తన గూట్లో గుడ్లు మురిగినప్పుడు వచ్చిన వాసన అది.

ముక్కుతో ఆకు పట్టుకుని లాగింది. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. పరిగెలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. రాగమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది.

"వదినా! ఏమైంది? ఇంకా చలేస్తోందా?"

"చలి కాదు వదినా," అంది రాగమ్మ. ఒక్కో మాటకూ ఆగింది. "గింజలు కుళ్ళాయి. కొత్త నీళ్ళు రావడం లేదు. పైన గాలి లేదు. ఊపిరాడడం లేదు."

ఆ ఆకులు ఒక్కొక్కటీ చుక్కమ్మ ఎంత మమకారంతో పేర్చింది! పీకేస్తే మళ్ళీ తన పిల్లలు మంచు పాలవుతాయి. ఉంచితే? అది రాగమ్మ మొహం చూసింది. ఇంకేమీ ఆలోచించలేదు.

అరటాకులు పీకి పారేసింది. వెదురు పుల్లలు లాగేసింది. కాలువ దగ్గరికి పరుగెత్తి, తాను మూసిన మట్టిని తన కాళ్ళతోనే గీరింది. గీరడంలో కోడిని మించినవాళ్ళు లేరు కదా! గోళ్ళు చీలి రక్తం వచ్చింది. ఆగలేదు. ఊట నీళ్ళు భళ్ళున గుంటలో పడ్డాయి. పరిగెలన్నీ పడుతూ లేస్తూ ఆ నీటి కిందికి చేరాయి. ఆ మంచు నీళ్ళే వాటికి ప్రాణం పోశాయి.

ఎండ ఎక్కేసరికి రాగమ్మ తిన్నగా నిలబడింది. కానీ ఒక పరిగె మాత్రం లేవలేదు. అందరికంటే ముందు "క్లక్" అనగానే ఒడ్డుకు వచ్చేది అదే.

చుక్కమ్మ బావురుమంది. "వదినా, అంతా ప్రేమతోనే చేశాను!"

"తెలుసు వదినా," అంది రాగమ్మ. "ప్రేమతోనే చేశావు. ఊపిరాడకుండా పోయిందీ ఆ ప్రేమలోనే. నాదీ తప్పుంది. మొదటి రోజే గట్టిగా వద్దని ఉండాల్సింది. మొహమాటపడ్డాను. నీ పిల్లలకు వెచ్చదనం నీ రెక్కల కింద ఉంటుంది. మాకు ఆ లోతులో ఉంటుంది. చల్లబడితే మేమూ చల్లబడతాం, నిద్రపోతాం. అదే మాకు సుఖం."

"మరి నేనేం చేయను?"

"ఆకులు ఏరు."

"ఆ తర్వాత?"

"ఊరికే కూర్చో."

చేపలన్నీ లోతులోకి వెళ్ళిపోయాయి. నీటి మీద ఒక్క అలైనా లేదు.

ఇక చూడండి చుక్కమ్మ అవస్థ! రోజూ పొద్దున్నే రాలిన ఆకులు ఏరేది. అది చిటికెలో పని. మిగిలిన రోజంతా కొండలా ఉండేది. ఎన్నోసార్లు గొంతు నిండా చోళ్ళతో ఒడ్డుకు వచ్చింది. ఎన్నోసార్లు వాటిని తానే మింగి వెనక్కు పోయింది. అన్నిటికంటే చలి ఎక్కువైన రోజున నీటి అంచున అద్దంలా పలుచగా మంచు కట్టింది. చుక్కమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. ఒక్క అరటాకైనా కప్పుదామని మనసు పీకింది. ఆ రోజంతా కాళ్ళు మడిచి వాటి మీద కూర్చుంది. పొదగడానికి కాదు. లేవకుండా ఉండడానికి.

శివరాత్రి వచ్చింది. ఎండ వెచ్చబడింది. బాదం చెట్టు మొదట్లో మట్టి కదిలి, కూర్మయ్య తల బయటపెట్టాడు. కళ్ళు నులుముకుని గుంట వైపు చూశాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏం చేశావే చుక్కమ్మా, చలికాలమంతా?" అని అడిగాడు.

చుక్కమ్మ తల వంచుకుంది. "మొదట్లో చాలా చేశాను తాతా. నువ్వు వద్దన్న మూడూ చేశాను. ఒక పిల్ల పోయింది. ఆ తర్వాత ఇంకేమీ చేయలేదు." మళ్ళీ తానే అంది. "అమ్మో తాతా, ఏమీ చేయకుండా ఉండడం ఎంత కష్టమో!"

కూర్మయ్య మందలిద్దామని నోరు తెరిచాడు. దాని మొహం చూసి మానేశాడు. మెల్లగా నడిచి వచ్చి దాని పక్కనే కూర్చున్నాడు.

అంతలో నీళ్ళు కదిలాయి. చుక్కమ్మ పిలవనేలేదు. పరిగెలన్నీ ఒడ్డుకు వచ్చి, మూతులు పైకెత్తి, "ఆకలేస్తోంది! ఆకలేస్తోంది!" అని అల్లరి మొదలుపెట్టాయి.

నీతి: ఎదుటివారికి మేలు చేయాలనుకున్నప్పుడు మనకు నచ్చింది కాక, వారికి హితమైనది చేయాలి, ఒక్కోసారి ఓపిగ్గా ఊరుకోవడమే ఆ మేలు.