ఉస్తాద్ వీపు మీద మట్టి

హన్మాండ్లు ఇంటర్ తప్పాడు. ఇంగ్లిష్ ఒక్కటే తప్పి ఉంటే ఊళ్ళో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎకనామిక్స్ కూడా తప్పాడు.

తప్పినందుకు అతనికి పెద్దగా సిగ్గనిపించలేదు. పహిల్వాన్‌కు పుస్తకాలతో ఏం పని అని ఎప్పుడూ అనుకునేవాడే. కానీ తాలీంలో రోజూ తాను ఎత్తి కుదేసే విఠల్ పాసయ్యాడు. పట్నం కాలేజీలో విఠల్‌కు కుస్తీ సీటు ఖాయమైంది. దెబ్బ అక్కడ తగిలింది.

తాలీం అంటే ఆ ఊళ్ళో కుస్తీ నేర్చుకునే చోటు. రేకుల కప్పు కింద ఎర్రమట్టి గుంత, గోడకు హనుమంతుడి పటం, మూలన కర్ర గదలు. గురువు వజీర్ ఉస్తాద్. గడ్డం నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, అయినా గుంతలోకి దిగితే కుర్రాళ్ళు ఇప్పటికీ జాగ్రత్త పడతారు. కుస్తీలో వీపు మట్టికి ఆనిందంటే ఓడినట్టే. వజీర్ ఉస్తాద్ వీపుకు మట్టి ఎలా ఉంటుందో తెలియదని చుట్టుపక్కల జాతరలన్నిటా అంటారు. నూనె రాయించుకోవాలన్నా బోర్లా పడుకుంటాడు. రాత్రి నిద్ర కూడా పక్కకు తిరిగే పోతాడని కుర్రాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో ఆయన భార్యను అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఈ సంగతి అందరికంటే గట్టిగా చాటేవాడు హన్మాండ్లే. పొరుగూరి కుర్రాడొకడు దీని మీద ఎకసెక్కం ఆడితే వాణ్ణి చెరువు కట్ట దాకా తరిమాడు. ఉస్తాద్ పేరు చెబితే అతని ఛాతీ జానెడు ముందుకొచ్చేది.

పరీక్షలకు ముందు వచ్చిన శివరాత్రి జాతరలో ఆఖరి కుస్తీ హన్మాండ్లుదే. గెలిచి వెండి కడెం తొడుక్కున్నాడు. చూడడానికి వచ్చినవాళ్ళలో దేవీదాస్ సారు ఉన్నాడు. ఒకప్పుడు ఇదే గుంతలో పొర్లినవాడు, ఇప్పుడు పట్నంలో ఒక కాలేజీకి కుస్తీ కోచ్. జనం పలచబడ్డాక హన్మాండ్లును పక్కకు పిలిచాడు.

"మా కాలేజీకి రారా. హాస్టల్ ఉంది, తిండి ఉంది, మట్టి గాదు మ్యాట్ మీద కుస్తీ. స్పోర్ట్స్ కోటాల పెట్టిస్త. ఇంటర్ పాస్ గావాలె. అది నీ పని, మిగిలింది నా పని."

హన్మాండ్లు చెవికి ఎక్కింది చివరి ముక్క ఒక్కటే. మిగిలింది సారు పని. ఇక చింతేముంది?

తల్లి గంగవ్వ బీడీలు చుట్టి అతనికి పాలూ బాదంపప్పూ పెట్టిన మనిషి. బీడీల కార్ఖానాలో ఆ వారమంతా ఆమెకు వేరే ముచ్చట లేదు. "మా పోరడు పట్నంల సదువుతడు" అని ఆకు కత్తిరిస్తూ ఒకసారి, దారం చుడుతూ ఒకసారి చెప్పింది.

అదే జాతరలో సారు విఠల్‌తోనూ మాట్లాడాడు. విఠల్ ఆ రోజు రెండో కుస్తీలోనే ఓడాడు. వాడు దండీలు తీసి ఆయాసం తీర్చుకునేటప్పుడు కూడా గోడకు ఆనుకుని పుస్తకం తెరుస్తాడు. "మనోడు కాయితం పహిల్వాన్" అని హన్మాండ్లు అందరి ముందూ ఆటపట్టించేవాడు. విఠల్ నవ్వి పేజీ తిప్పేవాడు.

సాయంత్రం తాలీం మూసేటప్పుడు ఉస్తాద్ ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు. "సదివినవా?"

"సదివిన ఉస్తాద్" అనేవాడు హన్మాండ్లు, కళ్ళలోకి చూసి మరీ.

ఉస్తాద్ తల ఊపేవాడు. శిష్యుడు తనతో అబద్ధం చెబుతాడని ఆయనకు తోచలేదు. గుంతలో నిలబడి ఎవరూ అబద్ధం చెప్పరు కదా.

ఫలితాలు వచ్చిన రోజే హన్మాండ్లు దేవీదాస్ సారుకు ఫోన్ చేశాడు. సారు తిట్టలేదు. "సప్లిమెంటరీ ఉంది గదరా. కూసొని సదువు, రాయి. అప్పటిదాంక నీ సీటు ఆపి ఉంచుత. పాస్ గాకుంటే మాత్రం నాతోని గాదు. నేను పేరు రాసుకున్నా యూనివర్సిటీ వాళ్ళు నిన్ను మ్యాట్ ఎక్కనియ్యరు" అన్నాడు.

"సార్, విఠల్‌ను నేను రోజు పడేస్త."

"పడేసేటోళ్ళు నాకు మస్తు మంది దొరుకుతరు" అని సారు ఫోన్ పెట్టేశాడు.

హన్మాండ్లుకు తల కొట్టేసినట్టయింది. తప్పినవాళ్ళతో కలిసి మళ్ళీ పరీక్ష హాల్లో కూచోవాలా, వెండి కడెం తొడిగిన చేత్తో? ఆడలేక మద్దెల ఓడన్నట్టు రెండు రోజులు పేపరు దిద్దినవాళ్ళను తిట్టాడు, కాలేజీని తిట్టాడు. మూడో రోజుకు దారి దొరికింది. దేవీదాస్ సారు ఎంత కోచ్ అయినా ఉస్తాద్ మాట జవదాటడు. ఉస్తాద్ పోయి ఒక్క మాటంటే చాలు.

తెల్లవారి తాలీంకు వెళ్ళాడు. ఉస్తాద్ గుంత ఒడ్డున లంగోటీతో కూచుని కుర్రాళ్ళ పట్లు చూస్తున్నాడు. పక్కన మేకుకు ఆయన తెల్ల కుర్తా వేలాడుతోంది. హన్మాండ్లు కాళ్ళకు మొక్కి, అక్కడే నిలబడ్డాడు.

"ఏం బేటా?"

"ఇంటర్ పోయింది ఉస్తాద్."

ఉస్తాద్ గుంత మీంచి చూపు తిప్పాడు. "రోజు సదివిన అంటివి గద?"

హన్మాండ్లు కాలి బొటనవేలితో మట్టి గీకాడు. జవాబు లేని ప్రశ్న ఎదురైతే పహిల్వాన్ అయినా చేసేది అదే.

"మీరొక్కసారి పట్నం వచ్చి దేవీదాస్ సారుతోని చెప్పాలె ఉస్తాద్. మీరు అడిగితే కాదనడు. ఎట్లన్న చేసి సీటు ఇస్తడు."

గుంతలో పట్టు మీదున్న కుర్రాళ్ళు వదిలేసి ఇటు చూశారు. విఠల్ కూడా చూశాడు.

"మల్ల రాసే పరీక్ష లేదా?" అడిగాడు ఉస్తాద్.

"ఉంది. కానీ..."

ఆ "కానీ" తరువాత ఏం చెప్పాలో అతనికే తెలియలేదు.

"సరే. పోదాం" అన్నాడు ఉస్తాద్.

హన్మాండ్లు ప్రాణం లేచి వచ్చింది. ఉస్తాద్ లేచి, మోకాళ్ళు పట్టుకుని, గుంతలోకి దిగాడు. కుర్రాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఏదైనా పట్టు చూపిస్తాడనుకున్నారు. ఆయన మధ్యకు వెళ్ళి కూచున్నాడు. ఒక చెయ్యి ఆనించి, నెమ్మదిగా వెనక్కి వాలాడు.

వెల్లకిలా పడుకున్నాడు. రెండు భుజాలూ మట్టికి ఆనించి, కళ్ళు తెరిచి రేకుల కప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

విఠల్ "ఉస్తాద్!" అని ముందుకు వెళ్ళబోయి ఆగిపోయాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉస్తాద్ లేచాడు. ఎర్రమట్టి వీపంతా అంటుకుంది. మేకు మీది కుర్తా తీసి పైనుంచి వేసుకున్నాడు. చెమటకు తడిసిన మట్టి తెల్ల గుడ్డ మీదికి ఎర్రగా ఊరింది.

"పద. బస్సుకు యాల్లయితుంది."

"ఉస్తాద్... మట్టి... దులుపుత."

"ఉండనీ. అడుక్కోను పోయేటోని వీపు గిట్లనే ఉంటది."

హన్మాండ్లు అక్కడే కూలబడాల్సింది. వద్దు ఉస్తాద్, పోవద్దు అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇంత చూశాక కూడా మనసులో ఒక మూల, ఈయన వస్తే సీటు దొరుకుతుంది కదా అన్న ఆశ చావలేదు. అందుకే నోరు పెగల్లేదు. తనలో అలాంటిదొకటి ఉందని తెలిసినందుకు అతనికి అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది.

ఉస్తాద్ ముందు, అతను వెనక. బజారు మీదుగా బస్టాండుకు నడిచారు.

రోజూ ఉస్తాద్ వెనక నడవడమంటే హన్మాండ్లుకు పండగ. దుకాణాల వాళ్ళు లేచి సలాం చేస్తారు, ఆ సలాంలో సగం తన మీదా పడుతుంది. ఈ రోజు కూడా లేచారు. ఉస్తాద్ దాటి పోయాక వాళ్ళ చేతులు అలాగే ఆగిపోయాయి. కిరాణా షావుకారు తూకం మధ్యలో వదిలేశాడు. కూరగాయల ముసలమ్మ పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచింది. ఎవరూ అడగలేదు. కుర్తా మీది ఆ ఎర్ర మచ్చ హన్మాండ్లు కళ్ళ ముందే నడుస్తోంది. తల దించుకుంటే ఉస్తాద్ చెప్పులు కనిపిస్తున్నాయి, ఎత్తితే మచ్చ.

బస్టాండు పక్కన పోశెట్టి సైకిల్ దుకాణం ఉంది. పోశెట్టీ ఉస్తాదూ ఒకే ఈడువాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ప్రతి జాతరలోనూ ఇద్దరూ తలపడేవారు. ప్రతిసారీ పోశెట్టే మట్టి కరిచేవాడు. ఇప్పుడతను నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి పంక్చర్ వెతుకుతున్నాడు. ఉస్తాద్ దుకాణం ముందున్న రాతి గట్టు మీద కూచోబోతూ అటు తిరిగాడు. పోశెట్టి చూశాడు.

"వజీర్ భాయ్, వీపు మీద ఏందది?"

"మట్టి."

"యాడిది?"

"తాలీంది."

పోశెట్టి చేతిలోంచి ట్యూబు జారి నీళ్ళలో పడింది. తడి చేతులతోనే లేచి వచ్చి ఆ వీపును దగ్గర నుంచి చూశాడు. తాకబోయి తాకలేదు.

"ఎవడు పడేసిండు?"

ఉస్తాద్ గట్టు మీద కూచుని, రోడ్డు వైపు బస్సు కోసం చూస్తున్నాడు.

"నిన్నే. ఎవడు? నా వయసంత గీ వీపును మట్టి మీద పెట్టాల్నని సచ్చిన. నాతోని గాలే. అయినా మంచిగనే ఉండె నాకు. పోశెట్టి ఓడింది ఎవ్వనితోనో గాదు, వజీర్‌తోని అని చెప్పుకునేటోన్ని." అతను ఉస్తాద్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఏ తల్లి కన్న కొడుకో చెప్పు. వాన్ని చూడాలె నేను."

బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ పట్నం, పట్నం అని అరుస్తున్నాడు. ఉస్తాద్ లేవడానికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. హన్మాండ్లు ఒక్క అడుగు వేస్తే చాలు, బస్సెక్కి కూచోవచ్చు. పోశెట్టి ప్రశ్న అక్కడే ఉండిపోతుంది.

"నేనే" అన్నాడు హన్మాండ్లు.

పోశెట్టి అతణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. చేతికున్న వెండి కడెం చూశాడు.

"నువ్వా? ఏం పట్టు పట్టినవ్‌రా?"

హన్మాండ్లుకు భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. కిరాణా షావుకారు కూడా తూకం రాయి చేత్తో పట్టుకుని ఇంత దూరం వచ్చాడు.

"ఇంటర్ తప్పిన తాతా. మల్ల రాసుకో, సీటు ఆపి ఉంచుత అని సారు చెప్పిండు. రాసుడు నామోషీ అనుకున్న." చేతి కడెం పట్టుకుని తిప్పాడు. "రోజు సదివిన అని ఉస్తాద్‌కు అబద్ధం చెప్పిన. ఇప్పుడు నా కోసం సారును బతిమిలాడుమని తోల్కపోతున్న. గదే పట్టు."

పోశెట్టి తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. పోశెట్టి వెనక్కి వెళ్ళి తొట్టి ముందు కూచుని, నీళ్ళలో ట్యూబు కోసం దేవులాడాడు.

కండక్టర్ రెండుసార్లు విజిల్ వేశాడు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.

"సప్లీ రాస్త ఉస్తాద్" అన్నాడు హన్మాండ్లు. ఏడుపు ఆగడం లేదు. "విఠల్‌ను అడిగి సదువుకుంట. రాకుంటే రానీ, మల్ల రాస్త. మీరు ఎవ్వరిని అడగొద్దు."

ఉస్తాద్ గట్టు మీద నుంచి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ తరువాత కుడిచెయ్యి అతని వైపు చాచాడు.

"పడేసినోడే లేపాలె బేటా."