వంపులో ఆకు

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే రెండు బారలు ఊరికి దగ్గరగా పారే కాలంలో, ఆ ఏటి ఒడ్డున మువ్వలరేవు అని ఓ ఊరుండేది. ఊళ్ళో మూడే వీధులు. కుమ్మరి వీధి, పడవల వీధి, నేత వీధి. మూడు వీధులకీ మూడు పనులు, వాటికి తగ్గట్టు మూడు గర్వాలు.

ఆ ఊళ్ళో తవిటయ్య పుట్టాడు. వాడికి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. వీడైనా దక్కాలని తల్లి వాణ్ణి చేటెడు తవుడుకి పొరుగామెకి అమ్మేసి, మర్నాడు మళ్ళీ కొనుక్కుంది. అప్పట్లో అలా చేసేవారు. చేటెడు తవుడు ఖరీదు చేసే మనిషికి ఇంత కథేమిటని మీరనుకోవచ్చు. ఆ కాలంలో ఆ సీమనేలిన రాజు పేరు ఎవరినైనా అడిగి చూడండి, తల గోక్కుంటారు. తవిటయ్య పేరు మాత్రం పిల్లలు కూడా చెబుతారు.

మీసం మొలిచే వయసులో తవిటయ్య కుమ్మరి వీధిలో నడుస్తూ ఆగిపోయాడు. సారె తిరుగుతుంటే మట్టిముద్ద కడవై పైకి లేస్తోంది. అది చూశాక వాడికి కాళ్ళు కదల్లేదు.

"ఏటొచ్చురా నీకు?" అన్నాడు కుమ్మరి పెద్ద.

"ఏటీ రాదు మావా. నేర్సుకుందామనొచ్చినాను."

"అయితే మట్టి తొక్కు."

తొక్కాడు. ఏడాది పొడుగునా తొక్కాక గానీ సారె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ పైన పదిహేనేళ్ళు కుండలు చేశాడు. వేసవిలో ఊరు చల్లటి నీళ్ళు తాగిందంటే ఆ కడవల్లో సగం తవిటయ్యవే.

ఒకనాడు కుండలు అవతలి ఒడ్డు సంతకి తీసుకెళ్తూ పడవెక్కాడు. నడి ఏట్లో పడవవాడు గెడ వేసి ఒక్క తోపు తోశాడు. పడవ నీళ్ళ మీద జారిన ఆ జారుడుకి తవిటయ్యకి ప్రాణం లేచొచ్చింది. సంతనుంచి రాగానే సారెకి దండం పెట్టి, పడవల వీధికి వెళ్ళాడు.

"ఏటొచ్చు నీకు?" అన్నాడు పడవ పెద్ద.

"ఏటీ రాదన్నా. నేర్సుకుందామనొచ్చినాను."

"అదేటి, కుండలు బాగానే సేత్తావు గదా?"

"కుండలొచ్చు. పడవ రాదు."

"అయితే నీళ్ళు తోడు."

తోడాడు. ఏడాది పొడుగునా పడవలోకి ఊరే నీళ్ళు తోడాక గానీ గెడ చేతికివ్వలేదు. "తవిటయ్య మారాడు" అని ఊరంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఇరవై ఏళ్ళు పడవ నడిపాడు. అంతకు ముందు పడవవాళ్ళు ఎంత దూరం పోయినా చద్ది మూటే గతి. పడవలో మట్టి పొయ్యి అమర్చి, నడి ఏట్లో వేడన్నం వండి చూపించింది తవిటయ్యే. తిరిగొస్తూ లంకలో దొరికే జిగురుమట్టి ఎత్తుకొచ్చి కుమ్మరి వీధిలో దించేవాడు. ఆ మట్టితో చేసిన కడవ కింద పడ్డా ఓ పట్టాన పగిలేది కాదు.

యాభై దాటాక కుడి భుజం పట్టేసి, గెడ లేవనంది. ఈ వయసుకి వచ్చాక ఇక వాడు అనడం బాగుండదు, ఆయన అందాం. ఆయన దిగులుపడి ఇంట్లో కూర్చుంటాడని ఊరు అనుకుంది. ఆయన నేత వీధిలో ఓ గుమ్మం ముందు నిలబడి, మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెత్తడం చూస్తూ పొద్దంతా గడిపాడు.

నేత పెద్ద ఆయనకంటే పదేళ్ళు చిన్నవాడు. అడగడానికి పాపం అతనికే మొహమాటమేసింది.

"ఏటొచ్చు నీకు?"

"ఏటీ రాదు తమ్ముడూ. నేర్సుకుందామనొచ్చినాను."

"ఈ వయసులోనా?"

"ఇప్పుడు నా దగ్గర ఈ వయసే ఉంది."

"అయితే కండెలు సుట్టు."

చుట్టాడు. చిన్నపిల్లలు చేసే పని అది. పిల్లల మధ్య కూర్చుని ఏడాది పొడుగునా నూలు చుట్టాడు. "తవిటయ్య మళ్ళీ మారాడు" అని ఊరు మళ్ళీ నవ్వింది. మగ్గం ఎక్కాక పడవ పాటలు అందుకున్నాడు. ఆ గొంతుకి వీధి ఆడవాళ్ళు మొదట్లో చెవులు మూసుకున్నారు. నెల తిరిగేసరికి వీధిలో మగ్గాలన్నీ ఆ పాట వరసకే ఆడుతున్నాయి. పన్నెండేళ్ళు అలా నేశాడు. చివరికి చూపు మందగించి, చేతులు వణికి, నూలు తెగడం మొదలెట్టాక మగ్గానికీ దండం పెట్టి దిగిపోయాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది.

ఏటా ఆ ఊళ్ళో పనిముట్ల పండగ చేస్తారు. సారెకర్రలూ గెడలూ నాడెలూ కడిగి, పసుపు రాసి, ఏటి ఒడ్డున మూడు వరసల్లో పెట్టి మొక్కుతారు. తరవాత భోజనాలు, అవీ మూడు బంతులు. పనిముట్టు ఏ వరసలో పెడితే మనిషి ఆ బంతిలో కూర్చోవాలి. వడ్డించేది ఎర్నమ్మ. ఆమె గొంతు అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. వడ్డనయ్యాక ఆమె గరిటె పట్టుకుని "అందరికీ పడిందా?" అని మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ అందరూ "పడింది" అనాలి. అప్పటిదాకా ఎంత పెద్దవాడైనా ముద్ద ముట్టకూడదు. ఒక్కడికి పడకపోయినా పండగ చెడినట్టే.

ఆ ఏడు తవిటయ్య తను నేసుకున్న పంచె కట్టుకుని, వట్టి చేతులతో వచ్చాడు. అలవాటు కొద్దీ నేత బంతికి వెళ్ళాడు.

"మగ్గం దిగిపోనావు గదన్నా. పడవలోళ్ళు నీకు ఆకేసుంటారు" అన్నారు.

పడవ బంతికి వెళ్ళాడు. "గెడ వొదిలీసి ఎన్నాళ్ళయింది? కుమ్మరోళ్ళు ఏసుంటారు, సూడు" అన్నారు.

కుమ్మరి బంతికి వెళ్ళాడు. "నువ్వు నేతోడివి గదా" అన్నారు.

ఎవరికీ ఆయన మీద కోపం లేదు. మిగతా రెండు బంతుల్లో ఎక్కడో ఒక చోట ఆయన ఆకు ఉండే ఉంటుందని మూడు బంతులూ అనుకున్నాయి. తవిటయ్యకి మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకుంది. ఇన్నేళ్ళు ఇన్ని పనులు చేసి చివరికి నేను ఎవరికీ కానివాణ్ణయ్యానా అనుకున్నాడు. ఒక్క పనినే పట్టుకుని ఉంటే ఇప్పుడు ఒక్క ఆకైనా ఉండేది. మూడు బంతుల మధ్యా అలా నిలబడిపోయాడు.

"అందరికీ పడిందా?" ఎర్నమ్మ అడిగింది.

"పడింది" అన్నాయి బంతులు. తవిటయ్య మాట్లాడలేదు.

"అందరికీ పడిందా?"

"పడింది." తవిటయ్య మాట్లాడలేదు. నలుగురి పండగ ఎందుకు చెడగొట్టాలని తల వంచుకున్నాడు.

"అందరికీ పడిందా?"

ఈసారి ఎర్నమ్మ సూటిగా ఆయన్నే చూస్తూ అడిగింది. తవిటయ్యకి జీవితంలో రాని పని ఒకటే, అబద్ధమాడటం.

"నాకు పళ్ళేదమ్మా" అన్నాడు.

ముద్దకి చాచిన చేతులు చాచినట్టే ఆగిపోయాయి. పప్పు మీద నెయ్యి పేరుకుంటోంది. గుమ్మడికాయ పులుసు వాసన ముక్కుల్ని పట్టి లాగుతోంది. "మీవోడంటే మీవోడు" అని మూడు బంతులూ గొడవపడ్డాయి. ఆకలి మాట్లాడించిన మాటలే అవన్నీ.

ఆకలికి తాళలేక ఇప్పటి కుమ్మరి పెద్దే దిగొచ్చాడు. "పోనీ మా బంతిలోనే కూకో తాతా. నాను కుమ్మరోణ్ణి, మిగతాయి నా పనులు కావు అని ఒక్క మాటను. ఆకేసెత్తాం."

ఒక్క మాట. ఆ మాటంటే అన్నం, ఓ బంతి, ఓ వీధి. తవిటయ్యకి ఆకలి దంచేస్తోంది. నోరు తెరిచాడు. బురదలో దిగబడిన కుర్రకాళ్ళు గుర్తొచ్చాయి. తెల్లారగట్ల మంచులో ఏరు గుర్తొచ్చింది. మొదటి బట్ట మగ్గం దించి చెంపకి ఆనించుకున్న రోజు గుర్తొచ్చింది. ఆయనకి తెలియకుండానే నవ్వొచ్చింది.

"మట్టి తొక్కినోణ్ణీ నానే. నీళ్ళు తోడినోణ్ణీ నానే. కండెలు సుట్టినోణ్ణీ నానే. ముగ్గురవూ ఆకలి మీదున్నాం బావూ. ఒక్కడు తినీసి ఇద్దర్ని పస్తుంచలేను" అన్నాడు.

అందరికంటే ముందు ఎర్నమ్మ పకపకా నవ్వింది. వెనకే బంతులన్నీ నవ్వాయి. లంక మట్టి తెచ్చింది మన తవిటయ్యే గదా అని కుమ్మరివాళ్ళకి అప్పుడు గుర్తొచ్చింది. వేడన్నం తినిపించింది ఈయనేనని పడవవాళ్ళన్నారు. ఆ పాట లేకపోతే మా మగ్గం నడవదని నేతవాళ్ళన్నారు. ఇందాక మీవాడన్నవాళ్ళే ఇప్పుడు మావాడంటే మావాడని కొట్లాటకి దిగారు. అన్నం మాత్రం చల్లారుతూనే ఉంది.

"సాల్లెండి. జరగండి అందరూ" అని ఎర్నమ్మ గరిటె ఊపింది. మూడు బంతుల్నీ చివర్ల దగ్గర వంచి, ఒకదానికొకటి కలిపేసింది. మూడూ కలిసిన వంపులో అడ్డాకు విస్తరి వేసి తవిటయ్యని కూర్చోబెట్టి, మూడు విస్తళ్ళకి సరిపడా వడ్డించింది. "అందరికీ పడిందా?" అని మళ్ళీ అడిగింది. "పడింది" అన్న కేకకి ఏటి కొంగలు లేచిపోయాయి. అందరికంటే గట్టిగా అరిచింది తవిటయ్యే.

ఆ మరుసటేడు వానల్లో, నిండు వయసులో, నిద్రలోనే తవిటయ్య పోయాడు. పండగొచ్చింది. ఎర్నమ్మ బంతుల్ని వంచే వేసింది. చెయ్యి అలవాటు కొద్దీ వంపులో ఆకూ వేసేసింది. తీరా "అందరికీ పడిందా?" అంటే ఎవరూ పలకలేదు. ఖాళీ ఆకుని ఎదురుగా పెట్టుకుని పడిందని ఎలా అంటారు?

"ఆ ఆకు తీసీ, ఎర్నమ్మా" అన్నాడెవరో.

"ఏసిన ఆకు తీత్తానా?" అంది ఆమె.

అంతలో రేవులో పడవ దిగి ఓ కొత్త మనిషి బెరుగ్గా నిలబడ్డాడు. అతని ఉప్పుమళ్ళు సముద్రం తినేసిందట.

"ఏటొచ్చు నీకు?" అంది ఎర్నమ్మ.

"ఉప్పు పండించడం వొచ్చు. ఇక్కడ దాంతో పనిలేదు గదా. ఇక్కడి పని ఏటీ రాదమ్మా. నేర్సుకుందామనొచ్చినాను."

ఆ మాట వినగానే బంతులన్నీ ఒక్కసారి తలెత్తాయి. నేత పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని చెయ్యి పట్టి తీసుకెళ్ళి వంపులో కూర్చోబెట్టారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బంతులు తిన్నగా వెయ్యరు, వంచే వేస్తారు. వంపులో ఒక ఆకు ఎక్కువ వేస్తారు. ఓ పని వదిలి మరో పనికి వెళ్తున్నవాళ్ళది ఆ చోటు, వయసుతో నిమిత్తం లేదు. మొన్న మొన్ననే అరవయ్యేళ్ళ ఒకావిడ గేదెల్ని అమ్మేసి కుట్టుమిషన్ నేర్చుకుంటానని బయల్దేరితే ఇంట్లోవాళ్ళు నవ్వారు. వీధిలోవాళ్ళు మాత్రం అనాల్సిన మాటే అన్నారు.

"ఎల్లు ఎల్లు. వంపులో ఆకేసే ఉంది."

కథ కంచికి పోతానంది. దాన్నీ వంపులో కూర్చోబెట్టి, ఇంత పరమాన్నం పెట్టి, అందరికీ పడిందా అని అడిగాకే పంపించాం.