తిరపతమ్మ తుంచని పువ్వు

అనగనగా నల్లరేగడి నేల. ఆ నేల మీద ఒక ఊరు. వాన పడితే ఆ ఊళ్ళో చెప్పులు కాళ్ళకు నిలవవు, మట్టి లాగేసుకుంటుంది. ఎండ కాస్తే నేల నోరు తెరుస్తుంది, ఆ నెర్రెల్లో నీ చెయ్యి మోచేతి దాకా పడుతుంది. ఆ నేలలో అందరూ పత్తే వేసేవాళ్ళు.

దగ్గరికి జరుగు బంగారూ. దుప్పటి కప్పుకో. ఇది నవ్వులాట కథ కాదు. అయినా నువ్వు వినాలి.

ఆ ఊళ్ళో తిరపతమ్మ అని ఒక ఇల్లాలు. ఆమె మొగుడు సాంబయ్య, అత్త వెంకాయమ్మ. ఆ ముగ్గురికీ కలిపి ఒక్కటే పిల్ల, ఈశ్వరి. నీ అంతే ఉండేది. తిరపతమ్మకు మూడు కాన్పులు పోయి, నాలుగోసారి దక్కిన పిల్ల. ఆ పిల్ల తుమ్మితే చాలు, తల్లికి గుండె జారిపోయేది.

ఆ ఊరికి ఒక మొక్కు ఉంది. చేలో తొలి పువ్వు పూసిన రోజున ఇంటి కోడలు తలంటి పోసుకుని, పసుపు దారం పట్టుకుని చేలోకి వెళ్ళాలి. పువ్వు పూసిన మొక్కకు ఆ దారం కట్టాలి. కట్టి, మొక్కతో ఇట్లా చెప్పాలి:

"నీ పువ్వు నేను ముట్టను,
నా పిల్లను నువ్వు ముట్టకు."

అంతే. ఆ తర్వాత ఆ చేలో ఎవరూ ఒక్క పువ్వు తుంచకూడదు. తలలో పెట్టుకోకూడదు, దేవుడికీ పెట్టకూడదు. పువ్వే కాయ అవుతుంది, కాయే పత్తి అవుతుంది కదా, పిల్లలు ఆడుకుంటూ తుంచేస్తారని పెద్దవాళ్ళు ఎప్పుడో అట్లా కట్టడి చేసి ఉంటారు. ఎందుకు చేశారో అందరూ మరిచిపోయారు. భయం ఒక్కటే మిగిలింది.

ఆ ఏడు కూడా తిరపతమ్మ దారం కట్టింది. ఈశ్వరి పేరు తలుచుకుంటూ మూడు ముళ్ళు వేసింది.

అప్పుడు ముందుగా ఆకుల రసం పీల్చే పచ్చదోమ వచ్చింది. ఆకుల అంచులు ఎర్రబడి, ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకున్నాయి. సాంబయ్య వీపుకు పంపు తగిలించుకుని మందు కొట్టాడు. దోమ పోయింది. అన్నం దగ్గర కూర్చుని, "తల దిమ్ముగా ఉందే" అన్నాడు.

"ఎండలేరా" అంది వెంకాయమ్మ.

ఆ తర్వాత తెల్లదోమ వచ్చింది. ఆకు తిరగేస్తే పిండి చల్లినట్టు ఉంది. ఆకులన్నీ జిగటెక్కి మసిబారాయి. పురుగుమందుల కొట్టాయన రెండు డబ్బాలు చేతికిచ్చి, "రెండూ కలిపి కొట్టు, దెబ్బకి పోద్ది" అన్నాడు. సాంబయ్య రెండూ కలిపి, గాలికి ఎదురు నడుస్తూ కొట్టాడు.

"మూతికి గుడ్డన్నా కట్టుకోవయ్యా" అని తిరపతమ్మ గట్టు మీద నుంచి అరిచింది.

"గుడ్డ కట్టుకుంటే బీడీ ఎట్టా తాగేదే?" అని నవ్వాడు సాంబయ్య.

ఆ రోజు ఇంటికొచ్చి గడప తగిలి పడబోయాడు. ఒళ్ళంతా చెమట. నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. "తిరపతీ, నువ్వు ఇద్దరు కనపడతన్నావే. ఒక్కదాంతోనే వేగలేకపోతన్నా" అన్నాడు. ఈశ్వరి పకపకా నవ్వింది. తిరపతమ్మకు నవ్వు రాలేదు.

దోమ పోయింది. చేను నిండు పూతకొచ్చింది. పత్తి పువ్వు నువ్వు చూడలేదు కదా? పొద్దున విచ్చినప్పుడు లేత పసుపు, మర్నాటికి గులాబీ రంగు. చేనంతా అట్లా పూసింది. కానీ కొన్ని పువ్వులు మాత్రం విచ్చలేదు. రేకులన్నీ మెలి తిరిగి, కొసలు అతుక్కుని, గుప్పిట మూసినట్టు ఉన్నాయి. చూడటానికి గులాబీ మొగ్గల్లా ముద్దొచ్చేవి. కొత్తకోడళ్ళలా తల దించుకున్నాయని ఊళ్ళో ఆడవాళ్ళు వాటికి సిగ్గుపూలు అని పేరు పెట్టారు.

బంగారూ, ముద్దుపేరు పెడితే ఎంతటిదాన్నయినా అనుమానించబుద్ధి కాదు.

అప్పుడు వ్యవసాయ శాఖ నుంచి సునంద అని ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఊళ్ళోంచి చేలమ్మట చూసుకుంటూ సాంబయ్య చేలోకి దిగింది. దిగీ దిగగానే ఒక సిగ్గుపువ్వును పుటుక్కున తుంచింది.

"అయ్యో, అయ్యో! చెయ్యి తియ్యవే! ఎవరి పిల్లవే నువ్వు?" అని వెంకాయమ్మ కొంగు దోపుకుని పరిగెత్తింది.

"మామ్మా, ఇది సిగ్గుపువ్వు కాదు, గుడ్డిపువ్వు. చూడండి" అని సునంద ఆ మెలి విప్పింది. లోపల ఒక పురుగు. వెంట్రుకంత సన్నగా, తెల్లగా. "ఇప్పుడు తెల్లగా ఉంది. కాయలో దూరి గింజ తిన్నాక గులాబీ రంగుకొస్తుంది. పువ్వులో తలుపేసుకుని కూర్చుంది మామ్మా ఇది. బయట మీరెంత మందు కొట్టినా దీనికి తగలదు, కొట్టే మనిషికి తగులుతుంది. ఇట్లాంటి పువ్వు కనపడితే తుంచి కాల్చెయ్యండి. మీ దొడ్లో గోడకు పేర్చారే, పోయినేటి పత్తికట్టె, దానికింకా ఎండుకాయలు వేలాడుతున్నాయి. ఇది వాటిల్లో నిద్రపోయి లేచొచ్చింది. ముందు అది తగలబెట్టండి."

"మా పొయ్యిలోకి కట్టె దాచుకోవడం కూడా తప్పేనంటమ్మా!" అని వెంకాయమ్మ చుట్టూ చేరినవాళ్ళతో అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె సునందను ఎగాదిగా చూసి, "నీకు పెళ్ళయిందా?" అని అడిగింది.

"లేదు మామ్మా."

"పిల్లల్లేరు. అందుకే నీకు పువ్వు తుంచడానికి చెయ్యొచ్చింది. పో."

సునంద ముఖం మాడిపోయింది. పోతూ పోతూ ఆ పువ్వును తిరపతమ్మ అరచేతిలో పెట్టి, "అక్కా, మీరన్నా చూడండి" అంది. తిరపతమ్మ చూసింది. ఆ పురుగు మెల్లగా ఆమె బొటనవేలి వైపు పాకింది. ఆమె చెయ్యి విదిలించింది.

అప్పుడు తిరపతమ్మ మొగుడితో, "ఆ అమ్మాయి చెప్పింది నిజమే అనిపిస్తందయ్యా" అంది.

"అయితే తుంచుదామా?" అన్నాడు సాంబయ్య.

వాకిట్లో ఈశ్వరి తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. తిరపతమ్మ అటు చూసింది. "అత్త ఒప్పుకోదు" అంది. ఒప్పుకోనిది అత్త కాదు బంగారూ. ఆమె గుండే ఒప్పుకోలేదు.

మర్నాడు తిరపతమ్మ ఒక్కతే చేలోకి వెళ్ళింది. గుడ్డిపువ్వు మీద వేలు వేసింది. నా పిల్లను నువ్వు ముట్టకు, అన్న మాట చెవిలో వినపడింది. వేలు తీసేసింది.

ఇంటికొచ్చేసరికి ఈశ్వరికి ఒళ్ళు కాలిపోతోంది. బళ్ళోంచి వానలో తడిసి వచ్చింది మరి. వెంకాయమ్మ దిష్టి తీస్తూ, "చూశావా? ఎవత్తో ఒక్కటి తుంచితేనే ఇట్టా అయింది" అంది. జ్వరం రెండు పూటల్లో తగ్గిపోయింది. భయం తగ్గలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు తిరపతమ్మ చెయ్యి చాపను కూడా లేదు. గట్టు మీద నిలబడి, మూసుకున్న పువ్వుల్ని చూసి, వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత పువ్వులు కాయలయ్యాయి. కాయలు పగిలాయి. తెల్లగా పొంగాల్సిన పత్తి ముద్దకట్టి, పచ్చటి మరకలు పడి, రాయిలా ఉంది. గింజ డొల్ల. పైన కొమ్మల్లో ఇంకా పూత వస్తోంది, అందులోనూ గుడ్డిపూలే. సాంబయ్య ఒక కాయ ఒలిచి, చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. లేచి మందుల కొట్టుకు పోయి, ఘాటైన మందు తెచ్చాడు. మూత తియ్యకుండానే ఇల్లంతా కంపు.

"ఇంక కొట్టొద్దయ్యా. నీ ఒంటికి పడటంలా" అంది తిరపతమ్మ.

"పువ్వు ముట్టొద్దంటావు. మందు కొట్టొద్దంటావు. మరి నన్నేం చెయ్యమంటావు తిరపతీ? ఆ పురుక్కి దణ్ణం పెట్టమంటావా?"



మర్నాడు పొద్దున్నే సాంబయ్య పంపు తగిలించుకుని వెళ్ళాడు. తిరపతమ్మ పిల్లకు జడ వేసి, బడికి పంపి, సద్ది గిన్నె పట్టుకుని వెనకే బయలుదేరింది. చేను ఈ చివర పసుపు దారం కట్టిన మొక్క దగ్గర ఆగింది. దారం రంగు వెలిసిపోయింది. ఆ మొక్కకే మూడు గుడ్డిపూలు.

అప్పుడు ఆమె కళ్ళు మూసుకుని ఒకటి తుంచింది. ఆకాశం విరిగి పడలేదు. రెండోది తుంచింది. మూడోది తుంచి, గుప్పిట పైకెత్తి, "ఇదిగోనయ్యా! నేనే తుంచాను! ఇంక పంపు దించు!" అని గట్టిగా అరిచింది.

అవతలి చివర నుంచి పలుకు లేదు. పంపు చప్పుడూ లేదు.

ఆమె సాళ్ళకు అడ్డంపడి పరిగెత్తింది. సాంబయ్య రెండు సాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. పంపు ఇంకా వీపు మీదే ఉంది. మందు కారి చొక్కా అంతా తడిసిపోయింది. నోటి నుంచి నురగ. ఒళ్ళు కొట్టుకుంటోంది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

జనం పోగయ్యారు. ఒకరు విసిరారు. ఒకరు మజ్జిగ పోయబోయారు. ఒకరు చెప్పు వాసన చూపించమన్నారు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయారు. అక్కడ డాక్టరు మొట్టమొదట అడిగిన మాట, "ఈ చొక్కా ఎందుకు విప్పలేదు? ఒళ్ళెందుకు కడగలేదు?" అని. దారి పొడుగునా ఆ చొక్కా మందు అతని ఒంట్లోకి దిగుతూనే ఉంది. ఎవరికీ తోచలేదు.

సాంబయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. తిరపతమ్మ గుప్పిట ఎవరో విప్పితే, అందులో మూడు గుడ్డిపూలు నలిగి ఉన్నాయి.

ఏడుస్తున్నావా? ఏడువులే. నేనూ ఏడ్చాను మొదటిసారి విన్నప్పుడు.

కర్మలయ్యాక ఒకరోజు పొద్దున వెంకాయమ్మ ఇంట్లో లేదు. తిరపతమ్మ వెతుక్కుంటూ చేలోకి వెళ్ళింది. ముసలామె సాలు వెంట సాలు నడుస్తూ గుడ్డిపూలు తుంచి కొంగు ఒడిలో వేసుకుంటోంది. ఒడి నిండి పువ్వులు కింద పడుతున్నాయి. వంగి మళ్ళీ ఏరుకుంటోంది.

"అత్తా, మొక్కు..." అంది తిరపతమ్మ.

వెంకాయమ్మ తల ఎత్తలేదు. "కాపరానికొచ్చిన కాడి నుంచి ఒక్క పువ్వు తుంచలేదే నేను. ఒక్కటంటే ఒక్కటి. అయినా నా పిల్లను, నా సాంబయ్యను, ముట్టనే ముట్టింది. ఇంక దానికీ నాకూ మాటేంది?"

అప్పుడు తిరపతమ్మ కూడా ఆ పక్క సాలు పట్టింది. ఆ పూలన్నీ కుప్ప పోసి కాల్చారు. దొడ్లో గోడకు పేర్చిన పత్తికట్టె లాగి, ఆ మంటలోనే వేశారు. బడి నుంచి వచ్చిన ఈశ్వరి తల్లి చీర పట్టుకుని, "అమ్మా, పూలు తుంచారుగా, మరి నాకేమన్నా అవుద్దా?" అని అడిగింది.

"ఏం కాదు" అంది తిరపతమ్మ. అన్నదే గానీ, ఆ పిల్ల పెద్దదయ్యేదాకా ప్రతి పూతకాలంలోనూ నిద్రలో ఆ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఏమీ కాలేదు. పిల్ల పెరిగింది. పోయిన మనిషి మాత్రం రాలేదు.

మరుసటి ఏడు తొలి పువ్వు పూసింది. మొగుడు లేనిది దారం కట్టడమేంటని ఎవరో గొణిగారు. వెంకాయమ్మ అటు తిరిగి చూసింది. గొణుగుడు ఆగిపోయింది. తిరపతమ్మ దారం కట్టి, మొక్కు మాట మార్చింది:

"విచ్చిన పువ్వా, నిన్ను ముట్టను,
విచ్చని పువ్వా, నిన్ను వదలను."

ఇప్పుడు ఆ ఊళ్ళో సిగ్గుపూలు అనే మాట లేదు. పూత మొదలైతే ఆడవాళ్ళు సంచులు పట్టుకుని సాలుకొకరు దిగుతారు. దోమకు మందు తప్పదనుకుంటే మూతికి గుడ్డ కట్టుకుని, గాలి వాలున కొడతారు. మందు ఒంటి మీద పడితే ముందు చొక్కా విప్పుతారు, నీళ్ళు కుమ్మరిస్తారు, ఆ తర్వాతే ఆటో. సునంద వస్తే కుర్చీ వేస్తారు. ఆమెకు మొదటి మంచినీళ్ళ గ్లాసు అందించేది వెంకాయమ్మే. క్షమించమని అడగడం ఆమెకు రాదు. గ్లాసు మాత్రం రెండు చేతులతో ఇస్తుంది.

ఏదీ, నాతోపాటు ఒక్కసారి చెప్పు. నేను మర్చిపోయినా నీకు గుర్తుండాలి.

విచ్చిన పువ్వు కాయలోకి,
విచ్చని పువ్వు మంటలోకి,
తెల్లని పత్తి సంచిలోకి,
నల్లని కథ కంచిలోకి,
నువ్వూ నేనూ ఇంటిలోకి.