మగ్గమెక్కని పడుగు

సాలెవీధిలో గుర్రపు గంటలు వినబడితే తల్లులకు పై ప్రాణాలు పైనే పోయేవి. కిందటి వారమే దండనాయకుడి రథం ఒక పసిదాని కాలు నలిపేసింది. "వీధి ఉన్నది బళ్లకి, ఆటలకు కాదు" అని వెళ్లిపోయాడాయన.

ఈసారి గంటలు వినబడేసరికి, నేతగత్తె తవిటమ్మ మగ్గానికెక్కించాల్సిన నూలు పడుగుని వీధి నిండా సాచి ఉంచింది. దాని అవతల పిల్లలు. ఇవతల తను.

గుర్రాలు ఆమెకు జానెడు దూరంలో ఆగాయి.

"తీసెయ్" అని కొరడా ఎత్తాడు దండనాయకుడు.

"రాజుగారి పట్టాభిషేకం పంచెకి పడుగు, దొరా. పిల్లల మీదుగా పోతే మిమ్మల్ని అడిగేవాడు లేడు. దీని మీదుగా పోయి చూడండి."

ఎత్తిన కొరడా దించేశాడు. రథం వెనక్కి తిరిగింది.

ఆ పట్టాభిషేకం అయిపోయి ఇప్పటికి ఏళ్లయింది. ఆ పడుగు మాత్రం ఇంకా మగ్గమెక్కలేదు, వీధిలో పిల్లల ముందే సాచి ఉంది.