అడవినిండా మహారాణులే

అనగనగా, చెట్లు కూడా తమ గుట్టు తొర్రలోనే దాచుకునే రోజుల్లో, ఒక అడవి. ఆ అడవిలో ఒక గోరువంక. దాని నోరు తేనె, కడుపు చెరువు.

ఒకనాడది వాగు ఒడ్డున రాతిమీద నిలబడి కేక వేసింది. "రండి బాబూ రండి! పోయిన జన్మలో మీరెవరో చెబుతాను. చిల్లిగవ్వ అక్కర్లేదు!"

కుందేలు పరుగెత్తుకొచ్చింది.

"పోయిన జన్మ తెలియాలంటే ఈ జన్మ వివరాలు కావాలి కదమ్మా! నీ బొరియకు దొడ్డిదారి ఎటు?"

"తుమ్మపొద వెనక."

"ఆహా! నువ్వు మహారాణివి తల్లీ!"

కుందేలు కాళ్లు రెండు రోజులు నేలమీద ఆనలేదు. మూడోనాడు తుమ్మపొద వెనక అడవిపిల్లి కాచుకుని ఉంది. ప్రాణం దక్కింది గానీ తోక సగం పోయింది. అసలే ఉన్నది చిటికెడు!

తర్వాత పావురం వచ్చింది.

"నీ గూడెక్కడ? మేతకెప్పుడు వెళతావు?"

"మద్దిచెట్టు మీద. ఎండ నడినెత్తికి రాగానే వెళతాను."

"నువ్వూ మహారాణివే!"

మర్నాడు పావురం మేతనుంచి వచ్చేసరికి గూట్లో గుడ్లు లేవు. పెంకులున్నాయి.

ఓదార్చడానికి ఉడుత వెళ్లింది. కుందేలూ అక్కడే ఉంది. మాటల్లో మాట వచ్చింది.

"నిన్నూ మహారాణి అందా వదినా?" అంది కుందేలు పావురంతో.

"నిన్నూనా!"

ఉడుతకు ఒళ్లు మండింది. దాని గూట్లోనూ ఇంకా కళ్లు తెరవని పసికూనలున్నాయి మరి! "ఒక్క అడవికి ఇందరు మహారాణులా? గూడెక్కడని అడిగిన మర్నాడే గూడు ఖాళీయా? ఉండండి, దాని సంగతి చూస్తాను!" అని తోక జాడించి వాగు ఒడ్డుకు వెళ్లింది.

"నాకూ చెప్పవే గోరువంకా!"

"నీ పిల్లలెక్కడున్నారు తల్లీ?"

"ఎండిన ఇప్పచెట్టు తొర్రలో. తల దూరిస్తే చాలు."

"అయితే నువ్వు..."

"మహారాణినేగా? తెలుసులే!"

తెల్లారగానే అడవిపిల్లి ఆ తొర్రలో తల దూర్చింది. అందులో ఉన్నది ఉడుతపిల్లలు కాదు, తేనెటీగలు! కుండంత మూతితో వాగుకు ఉరికి, నీళ్లకు వచ్చిన అందరి ముందూ అరిచింది. "ఓసి గోరువంకా! రోజూ నీకు మిడతలు పట్టి పెట్టింది ఇందుకేనా!"

గోరువంక తాపీగా రెక్క దులుపుకుంది. "నేనేమైనా దొంగిలించానా? వాళ్లు చెప్పిందే చెప్పాను."

"సిగ్గులేదుటే!" ఉడుత రాయెక్కి దాని ముఖానికి ఎదురుగా నిలబడింది. "నీకు చెప్పాం, దానికి చెప్పమన్నామా? గుడ్లు పావురానివి, గుట్టూ పావురానిదే. మిడతలకు అమ్ముకోవడానికి అదేమన్నా నీ అబ్బ సొత్తా?"

అందరూ కలిసి తరిమితే గోరువంక అడవి దాటి ఎగిరిపోయింది. పావురం గుడ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడా గోరువంక ఎక్కడుందంటారా? అమ్మ ఫోన్ ఇలా ఇవ్వండి, చూపిస్తాను. "పోయిన జన్మలో మీరెవరు? మీ ఊరూ పేరూ రాసి ఇక్కడ నొక్కండి!" అదిగో, కూస్తోంది.

అందుకే పిల్లలూ, ఊరికే పొగిడేవాళ్లు ఊరూ పేరూ అడిగితే, ఎందుకని ఎదురడగండి. గడప దాటిన గుట్టు మళ్లీ ఇంటికి రాదు.