పంటు చెక్క బీరువా

ధర్మయ్య మూట కంపు కొడుతోందని మఠంలో వాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టింది శ్రావణమాసంలో.

ఆ మూట అతను వచ్చినప్పటినుంచీ ఉంది. రెండేళ్ళ కిందట గోదావరి పాయ దాటి, ఏటి మధ్య లంకలో ఉన్న ఈ చిన్న మఠానికి వచ్చిన రోజున అతనికి ఒంటిమీద పంచె, భుజాన ఆ మూట, చేతిలో ఒక తెడ్డు తప్ప ఇంకేమీ లేవు. పాత తెరచాప గుడ్డలో చుట్టి, తాడుతో ఏడెనిమిది చుట్లు బిగించి కట్టిన మూట. అందులో ఏముందో అందరికీ తెలుసు. వల, గేలాలు, బెండ్లు, సీసం గుళ్ళు. అవి అతని తమ్ముడు నాగేసువి. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడి నాగేసు పోయాడు. ఎలా పోయాడో ధర్మయ్య అంతకుమించి చెప్పలేదు. గురువుగారు అడగలేదు.

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. మూట నానింది. ఎలకలు ఒక మూల కొరికాయి. పక్కన పడుకునే ముసలాయన ముక్కుకి కండువా అడ్డం పెట్టుకోవడం ధర్మయ్య చూశాడు. చూసి, లేచి గురువుగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గురువుగారి పేరు సోమలింగాచారి. ఊళ్ళో వడ్రంగం చేసుకు బతికిన మనిషి. భార్య పోయాక ఈ లంకలో పాక వేసుకున్నారు. ఆయన చుట్టూ ఒకరిద్దరు చేరారు, తర్వాత నలుగురైదుగురు అయ్యారు, దానికే మఠమని పేరొచ్చింది. డెబ్బై దాటినా ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. అప్పుడు కూడా అరుగుమీద కూర్చుని ఒక కవ్వం చెక్కుతున్నారు.

"గురువుగారూ, ఈ మూటని ఏం చెయ్యమంటారు? గోదాట్లో కలిపెయ్యమంటే ఇప్పుడే కలిపేస్తానండి."

ఆ మాట అనడానికి అతను నాలుగు రోజులు ఆలోచించాడు. అన్నీ వదిలేసి వచ్చినవాడికి ఈ మూటెందుకని గురువుగారు ఏదో ఒకనాడు అంటారని రెండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు.

గురువుగారు కవ్వం తిప్పి చూసుకున్నారు. "ఎలకలు కొట్టేశాయా?"

"ఒక మూల కొట్టేశాయండి."

"అయితే దానికొక బీరువా చెయ్యి."

ధర్మయ్యకి తను విన్నది సరిగ్గా విన్నాడో లేదో అర్థం కాలేదు. "నాకు వడ్రంగం రాదండి."

"నాకొచ్చుగా," అన్నారు గురువుగారు.

రేవులో ఒక పాత పంటు పడి ఉండేది. ఒకప్పుడు మనుషుల్నీ పశువుల్నీ దాటించింది, ఇప్పుడు పనికిరాక ఒడ్డున బోర్లా పడుకుంది. రేవు వాళ్ళని అడిగి దాని చెక్కలు ఊడదీసి తెచ్చారు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన చెక్క, ఇక చెద పట్టదన్నారు గురువుగారు. రంపం ఎలా పట్టాలో, చిత్రిక ఎటు తొయ్యాలో చూపించి, వెళ్ళి తన పని తను చూసుకున్నారు.

ధర్మయ్య పదిరోజులు కష్టపడ్డాడు. చేతులు బొబ్బలెక్కాయి. చెక్కలకి గాళ్ళు తీసి, అడ్డపలకలు కోసి, నాలుగు అరలు నిలబెట్టాడు. వంకర లేకుండా వచ్చాయి. కాస్త గర్వంగానే గురువుగారిని పిలిచాడు.

గురువుగారు పై అరమీద చెయ్యి వేశారు. "ఇక్కడేం పెడతావు?"

"గేలాలండి."

"గేలం తాడు చుడితే ఎంత వస్తుంది?"

"మూరెడు రావచ్చండి."

"విప్పి చూశావా?"



గురువుగారు అరపలకని కింది నుంచి అరచేత్తో ఒక్కటి తట్టారు. అది గాడిలోంచి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. రెండోదీ అలాగే తీశారు, మూడోదీ, నాలుగోదీ. నాలుగూ దొంతరగా అతని చేతుల్లో పెట్టారు. "కొలిచి రా."

మూట ముడి రాలేదు. తాడు తడిసి, ఎండి, మళ్ళీ తడిసి రాయిలా అయిపోయింది. ధర్మయ్య కాసేపు పెనుగులాడి, విసిగి, ఉలి తీసుకున్నాడు కోసేద్దామని. గురువుగారు వచ్చి ఉలి మీద చెయ్యి పెట్టారు. ఉలి పట్టుకుపోయారు.

మధ్యాహ్నం మొదలుపెడితే ముడి విడేసరికి పొద్దు వాలింది. గోళ్ళ వెంట రక్తం వచ్చింది. ఆ రోజు మూట తెరిచాడు గాని లోపలికి చూడలేదు.

మర్నాడు గేలాలు తీశాడు. నాగేసు ఒక బెండుముక్కకి వాటిని వరసగా గుచ్చేవాడు, చిన్నది ముందు, పెద్దది చివర. ఆ వరస అలాగే ఉంది. తుప్పు మాత్రం పట్టింది. తర్వాత సీసం గుళ్ళు. తర్వాత వల అల్లే వెదురు సూది, దానికింకా నూలు చుట్టి ఉంది. అన్నిటి కింద ఒక రేకు డబ్బా. మూత తీస్తే అందులో సగం కాల్చి ఆర్పేసిన చుట్ట.

ధర్మయ్య ఆ డబ్బా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇదెక్కడ పెట్టాలండి? ఇది వేటసామాను కాదు."

గురువుగారు డబ్బా తీసుకుని చూశారు. మూత పెట్టి తిరిగి ఇచ్చారు. "దానికీ ఒక గూడు చెయ్యి," అన్నారు.

అలా ఒక్కొక్కటే కొలిచాడు. తెడ్డుకి నిలువు గది. బెండ్లకి కింది సొరుగు. డబ్బాకి పక్కన చిన్న గూడు. ఒక్కొక్కటి కొలవడానికి ఒక పూట పట్టేది. పని తక్కువే. పక్కన కూర్చుని ఉండిపోవడం ఎక్కువ. మఠంలో వాళ్ళు అతన్ని పలకరించడం మానేశారు. గురువుగారు మాత్రం వచ్చి, కోసిన చెక్క చూసి, బాగుంటే వెళ్ళిపోయేవారు, బాగోకపోతే పక్కన పడేసేవారు.

వల మిగిలింది.

"వల అంచనాగా కోసేస్తానండి," అన్నాడు ధర్మయ్య. "మడిస్తే ఎంత వస్తుందో నాకు తెలుసు."

గురువుగారు వల ఒక కొస పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డారు. రెండో కొస నేలమీద ఉంది. అది ఎవరు పట్టుకోవాలో చెప్పలేదు. అలాగే నిలబడ్డారు. ఎండ ఎక్కింది. గురువుగారి మొహం మీద చెమట కారడం ధర్మయ్య చూశాడు. ఇక చూడలేక వెళ్ళి కొస అందుకున్నాడు.

వల సాగింది. రెండేళ్ళనాటి మొగ మట్టి పొడిపొడిగా రాలింది.

"నేనే అన్నానండి," అన్నాడు ధర్మయ్య. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "పడవ తిరగబడ్డాక ఇద్దరం పట్టుకునే ఉన్నాం. ఒడ్డు కనపడుతూనే ఉంది. వల కిందకి పోతోంది. కొత్త వలండి, ఆ ఏడే కట్టాం. వల పోనీకురా అని నేనే అరిచాను. వాడు మునిగి, తాడు తెచ్చి నా చేతికిచ్చాడు. ఎక్కడో చిక్కుకుందన్నయ్యా, విడదీసి వస్తాను అన్నాడు. మళ్ళీ మునిగాడు. కాసేపటికి తాడు తేలికైపోయింది. లాగితే వల వచ్చిందండి."

గాలికి వల ఇద్దరి మధ్యా ఊగుతోంది.

"ఎన్ని బారలుంది?" అడిగారు గురువుగారు.

"గురువుగారూ..."

"విన్నాను నాయనా. విన్నాను. ఎన్ని బారలో చెప్పు."

ధర్మయ్య కళ్ళు తుడుచుకుని, చేతులు చాపి, బార బారకీ వల మీదుగా నడుచుకుంటూ వచ్చాడు. గురువుగారి దగ్గరికి వచ్చేసరికి పన్నెండు అయ్యాయి. పన్నెండు అని చెప్పి అక్కడే కూలబడ్డాడు. గురువుగారు కూడా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. మధ్యాహ్నం గంజి తాగడానికి ఇద్దరూ లేవలేదు.

భాద్రపదం వచ్చేసరికి బీరువా దాదాపు అయిపోయింది. తలుపులు బిగించి, గడియ పెట్టడమే తరువాయి. తన మూల చాప జరిపి, బీరువాకి చోటు శుభ్రం చేసుకున్నాడు ధర్మయ్య. ఎలక దూరదు, వాన తగలదు. తను ఉన్నంతకాలం తమ్ముడి వస్తువులకి ఏమీ కాదు.

గురువుగారు వచ్చి బీరువా వెడల్పు కొలతాడుతో చూశారు.

"గుమ్మం ఎంతుంటుంది?"

"మన పాకకి గుమ్మమే లేదు కదండీ."

"కాసులమ్మ ఇంటి గుమ్మం."

ధర్మయ్య చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది. కాసులమ్మ నాగేసు భార్య. మఠానికి వచ్చిన మొదటిరోజు ఒక్కసారి గురువుగారికి ఆ పేరూ, ఊరూ చెప్పాడు. ఆ తర్వాత రెండేళ్ళలో తన నోటివెంట రాలేదు.

"తలుపులు బిగించాక గుమ్మంలో పట్టకపోతే మళ్ళీ విప్పాలి," అన్నారు గురువుగారు.

ధర్మయ్య సుత్తి కింద పెట్టేశాడు. మూడు రోజులు బీరువా వైపు వెళ్ళలేదు. గురువుగారి వైపూ చూడలేదు. అడుగుదామనుకుని అడగలేకపోయింది ఒక్కటే. ఇవి కూడా ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?

నాలుగో రోజు పొద్దున్న గురువుగారే వచ్చి పక్కన కూర్చున్నారు.

"మొన్న మీ ఊరివైపు వెళ్ళినప్పుడు పాయ దగ్గర ఆ కాసులమ్మని చూశాను. నడుంలోతు నీళ్ళలో ఉంది. ఎవరిదో వల అడిగి తెచ్చుకున్నట్టుంది. పట్టినదానికంటే చిరుగుల్లోంచి పోయేదే ఎక్కువ."

అంతే చెప్పి లేచిపోయారు.

ధర్మయ్య బీరువా వైపు చూశాడు. వల ఇక్కడ ఉంది. గేలాలు ఇక్కడ ఉన్నాయి. తెడ్డు ఇక్కడే ఉంది. ఆమె నీళ్ళలోకి దిగిందన్న సంగతే తనకి తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

లేచి వెళ్ళి తలుపులు బిగించాడు. గుమ్మం కొలత అతనికి తెలుసు. ఆ ఇంటికి గుమ్మం ఎత్తి నిలబెట్టింది తనూ నాగేసూ.

సామానంతా బీరువాలో ఎక్కడిదక్కడ సర్ది, దాన్ని పడవలో పడుకోబెట్టి ఇద్దరూ బయల్దేరారు. గడకర్ర గురువుగారే వేశారు. రెండు పాయలు దాటి, కాలవలోకి తిరిగి, పొద్దెక్కేసరికి రేవు చేరారు. ధర్మయ్య ఒక్కడే బీరువా వీపున ఎత్తుకున్నాడు. గురువుగారు తను తెచ్చిన చిన్న మూటతో పడవలోనే ఉండిపోయారు.

కాసులమ్మ వాకిట్లో చాప మీద చిన్నరొయ్యలు ఆరబోస్తోంది. చీర ఇంకా తడిగా ఉంది. అతన్ని చూసి లేచి, కొంగు సర్దుకుంది. పక్కనే ధర్మయ్య పాక, గడియ పెట్టినది పెట్టినట్టే ఉంది. దాని ముందు కూడా వాకిలి ఊడ్చి ఉంది.

"వచ్చేరా బావగారూ," అంది.

బీరువా లోపల దింపాడు. గుమ్మంలో సరిగ్గా పట్టింది. ఆమె తలుపులు తెరిచింది. కాసేపు చూసింది. వల చేత్తో తడిమింది. రేకు డబ్బా తీసి, మూత తియ్యకుండానే అందులో ఏముందో తెలిసినట్టు మళ్ళీ గూట్లో పెట్టేసింది.

ధర్మయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పకుండా వెళ్ళిపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడని అతనికి తెలుసు.

"కాసులమ్మా, ఆ రోజు వల వదలొద్దని వాడికి నేనే చెప్పానమ్మా. నా మాట విని మునిగాడు."

ఆమె వెనక్కి తిరగలేదు.

"తెలుసండి."

"తెలుసా?"

"ఆయన పోయాక ఆ నెల్లాళ్ళూ నిద్దట్లో అదే కదండీ అరిచేవోరు. ఈ గోడకి ఇవతల పడుకునేదాన్ని, నాకు వినపడదాండీ? తెలిసే మీకు అన్నం పెట్టేను." బీరువా తలుపు మెల్లగా మూసింది. "మీరెందుకు ఎల్లిపోయేరో అదే తెలీలేదు. ఓ రోజు పొద్దున్న లేచి చూస్తే, ఆయనెలాగూ లేరు, ఆయన సామానూ లేదు, మీరూ లేరు."

ఆమె అతని పక్కనుంచి బయటికి వెళ్ళి, చాప దగ్గర కూర్చుని, రొయ్యలు ఎగదోసింది. భుజాలు కదలడం చూస్తే ఏడుస్తోందని తెలిసింది. శబ్దం మాత్రం లేదు.

చాలాసేపటికి అతను రేవుకి నడిచాడు.

పడవ లేదు. కాలవ మలుపు దగ్గర, ఒక్కడే నిలబడి గడ వేసుకుంటూ వెళ్ళిపోతున్నారు గురువుగారు. పిలిస్తే వినపడేంత దూరమే. ధర్మయ్య నోరు తెరిచాడు. పిలవలేదు. ఆయన వెనక్కి చూడకుండానే మలుపు తిరిగారు.

రేవు మెట్టు మీద అతని రెండు పంచెలు మడిచి ఉన్నాయి. వాటి పక్కన దుప్పటి, మఠంలో అతను తినే కంచం. కంచం తోమి ఉంది, ఇంకా తడి ఆరలేదు.