కుందన గుండు, జపాను బొమ్మ

అనగనగా కృష్ణమ్మకు దగ్గర్లో, కొండపల్లి ఊళ్ళో, కొయ్యబొమ్మలు చేసే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు తల్లీ. పెద్దది పద్మిని, చిన్నది కుందన.

చిన్నదానికి ఒక ఏడు పెద్ద జ్వరం వచ్చింది. వాళ్ళ నాయనమ్మ వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుంది. స్వామి చల్లగా చూశాడు, జ్వరం దిగింది. అప్పుడు అందరూ వెళ్ళి పిల్ల తలనీలాలు ఇచ్చి వచ్చారు.

ఆ తర్వాత వచ్చింది చిక్కు. బళ్ళో పిల్లలు "గుండూ, గుమ్మడిపండూ" అని వెంటపడ్డారు. కుందన ఇంటికొచ్చి సంచీ మూల పడేసి, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. జుట్టు వచ్చేదాకా బడికి పోనంది. అమ్మ బతిమాలినా వినలేదు, నాన్న కసిరినా వినలేదు.

అప్పుడు పద్మిని చెల్లెలి పక్కన చేరి, "నిన్ను జపాను బొమ్మలా గీసిస్తా, రేపు బడికి వస్తావా?" అంది. టీవీలో వచ్చే ఆ పెద్ద కళ్ళ బొమ్మలంటే కుందనకి ప్రాణం.

"మోకాళ్ళదాకా జుట్టు పెడితేనే వస్తా" అంది.

పద్మినికి కొయ్యబొమ్మలకి రంగులెయ్యడం వచ్చుగానీ, జపాను బొమ్మ ఎప్పుడూ గీయలేదు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. బొమ్మకి చీర, నగలు, జుట్టు అన్నీ అయ్యాకే కళ్ళు దిద్దుతారు. కళ్ళు తెరిచిన బొమ్మ మీద మళ్ళీ కుంచె పెట్టరు. చూపొచ్చాక దానికి నొప్పి తెలుస్తుందని నాయనమ్మ చెప్పేది.

పద్మిని ఆ పద్ధతిలోనే మొదలెట్టింది. ముందు జుట్టు, ఆ తర్వాత గౌను, ఆఖర్న కళ్ళు. తీరా చూస్తే మొహంలో చోటేదీ? ఆవగింజలంత కళ్ళు పెట్టాల్సొచ్చింది. "నిద్రపోతోందా అక్కా ఇది?" అంది కుందన.

రెండోసారి కళ్ళకి బోలెడు చోటు వదిలింది. కానీ ఒక కన్ను నుదుటి మీదికెక్కింది, ఇంకోటి చెంప మీదికి జారింది. "బస్సులో కూర్చుని గీశావా?" అంది ఆ గడుగ్గాయి.

అప్పుడు పద్మిని అమ్మ ఫోను తీసుకుని, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆ బొమ్మలెలా గీయాలో చూపించే వీడియో పెట్టింది. ముందు ఒక గుండ్రం గీయమన్నారు. దాని కింద సన్నటి గడ్డం. మధ్యలో ఒక నిలువు గీత, సగానికి కాస్త కిందగా ఒక అడ్డగీత. ఆ అడ్డగీత మీద రెండు పెద్ద కళ్ళు. ముక్కంటే చిన్న చుక్కే. జుట్టు అన్నిటికన్నా ఆఖరు.

ఈసారి కళ్ళు ఎంత బాగా కుదిరాయంటే, పద్మిని చెయ్యి ఆగలేదు. నల్లగుడ్లు నింపేసింది, వెలుగు కోసం వాటిలో తెల్లచుక్క వదిలేసింది. బొమ్మ చటుక్కున చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దదానికి. కళ్ళు తెరిచేసింది, తల మీద ఒక్క వెంట్రుకైనా లేదు.

పద్మినికి ఏడుపొచ్చింది. ఇంకోటి గీస్తే కళ్ళు మళ్ళీ ఇంత బాగా కుదురుతాయో లేదో. ఇప్పుడు జుట్టు గీస్తే పద్ధతి తప్పినట్టు. గీయకపోతే చెల్లెలు బడికి రాదు. చివరికి స్వామికి దణ్ణం పెట్టుకుని, తప్పయితే నాదే అనుకుని, పెన్సిలు బొమ్మ తల మీద ఆనించబోయింది.

కుందన ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. చూస్తోంది. నొప్పి పుడుతుంది."

ఆ తర్వాత తువ్వాలు తీసి, అద్దంలోకి ఓసారి, కాగితంలోకి ఓసారి చూసింది. "ఇది నేనే కదక్కా" అంది.

మర్నాడు కుందన బొట్టు పెట్టుకుని, ఉత్త తలతో బడికి వెళ్ళింది. వెంటపడబోయిన పిల్లలకి కాగితం విప్పి చూపించింది. "గుండే. జపాను గుండు" అంది. వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు.

సాయంత్రానికి ముగ్గురు పిల్లలు పద్మిని గుమ్మంలో నిలబడ్డారు. "మమ్మల్నీ గీయక్కా, గుండుతోనే" అన్నారు. ముగ్గురికీ ఒత్తయిన జుట్టే మరి.

ఇక నవ్వింది చాలు, ఇటు తిరుగు.

కథ వెళ్ళె కంచికి,
కుందన వెళ్ళె బడికి,
మన కళ్ళు వెళ్ళె నిద్దరకి.